తిరునాళ్ల నాటకములు - స్త్రీల బాధ్యత

కావ్యములలో నాటకము రమణీయమైనదని మన పెద్దలు చెప్పుదురు. కావ్యమును చదువనేర్చినవాడు మాత్రమే చదివి యానందించును. నాటకమో, అక్షరమెరుగనివారికిని కంటికొక విందు, చెవికొక విందు చేసి పంపును. దేవతలందరు బ్రహ్మదేవుని కడకేగి, చూచుటకును వినుటకును దగిన వినోదమొక్కటి మాకు ప్రసాదింపుమని వేడుకొనగా, ఆయన ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసములను గ్రహించి నాట్యమను నైదవ వేదమును సృజించెనని భరతుని నాట్యశాస్త్రమున మొదటి యధ్యాయమున గలదు. నాలుగు వేదములును వినరాదని యెవరిని దూరముంచిరో, వారికిని ఈ యైదవ వేదము చెందవలెనని యచ్చటనే చెప్పబడినది.

ఆ యధ్యాయముననే మన స్త్రీలు గుర్తుంచుకొనవలసిన మాట మరియొకటి యున్నది. భరతుడు తన నూర్గురు కుమారులకును నాట్యమును నేర్పెను. అంతయు సిద్ధమైనది కాని, సుకుమారమైన కైశికీవృత్తి మాత్రము వారికి కుదిరినది కాదు. ఆ వృత్తిని స్త్రీలు లేక పురుషులు మాత్రమే ప్రయోగింపజాలరని భరతుడే బ్రహ్మతో విన్నవించెను. అప్పుడు బ్రహ్మ తన మనస్సునుండి అప్సరసలను సృజించి వారినాతని కప్పగించెను. అనగా స్త్రీలు లేనిది నాట్యము పూర్తికాదని మన శాస్త్రము పుట్టిననాడే తీర్మానమైనది. మరి మన యూళ్లలో నేడు స్త్రీకిని నాటకమునకును గల సంబంధమెట్టిది? రంగస్థలముపై నామె స్థానమేమి? రంగస్థలమునకు ముందు చాపమీద నామె స్థానమేమి? ఈ విషయమునే సోదరీమణులతో ముచ్చటింపదలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మా నంద్యాల ప్రాంతమున నాటకముల కాలము సంక్రాంతితో నారంభమగును. కర్నూలు-కడప కాలువ క్రింది వరికోతలు ముగిసి, ధాన్యము గాదెలకు జేరి, నాలుగు రూకలు చేతిలో నాడు దినములవి. పగటి యెండ యింకను ముదరదు. రాత్రి మంచు మాత్రము కొంచెము తగ్గుముఖము పట్టును. శివరాత్రికి మహానంది, యాగంటి మొదలగు క్షేత్రములయందు తిరునాళ్లు జరుగును. ఆ తరువాత ఉగాది. దాని వెంటనే శ్రీరామనవమి. ప్రతి గ్రామమునను నేదో యొక దేవర, ఏదో యొక ఉత్సవము. ఉత్సవమన్న పిమ్మట నాటకము. పట్టణములలోని సమాజములవారు సైతము ఈ నెలలలోనే తమ ప్రదర్శనముల పట్టికను సిద్ధపరచుకొందురు. ఏప్రిలు 16వ తేదీ తెలుగు నాటకరంగ దినోత్సవము. అది కందుకూరి వీరేశలింగము పంతులవారు 1848లో జన్మించిన దినము. మన బళ్లారి రాఘవ 1946లో దివంగతుడైన దినమును అదియే.

ఆళ్లగడ్డ చేరువనున్నవారికి ఈ కాలమునకు మరియొక శోభ గలదు. అహోబిల నారసింహుని పారువేట కనుమనాడు మొదలగును. స్వామి పల్లకి నెక్కి కొండదిగి, సుమారు నలువది దినములు చుట్టుప్రక్కల గ్రామములన్నియు దిరుగును. బయలుదేరునప్పుడు చెంచులు వచ్చి పల్లకిపై బాణములు వేసి సాగనంపుదురు. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి తన అత్తవారి వంక చుట్టములను, ఊరూర ప్రజలను, ఫాల్గునమున జరుగబోవు కల్యాణోత్సవమునకు తానే స్వయముగా పిలుచుటకు వచ్చుచున్నాడని మా ప్రాంతమున వాడుక. పల్లకి వచ్చిన యూరిలో నాడు తిరునాళ్లే. పుట్టినింటికి ఆడబిడ్డలు వత్తురు. అల్లుండ్రకు క్రొత్తబట్టలు పెట్టుదురు. చక్కగా జూచినచో నిది యొక మహానాటకమే. నాయకుడు స్వామి, నాయిక అడవిపిల్ల, పాత్రధారులు చెంచులు, బోయీలు, అర్చకులు, రంగస్థలము ముప్పదికి పైబడిన గ్రామములు. ఇందు చూచువారెవరో ఆడువారెవరో విడదీయుట కష్టము. ఊరంతయు గలిసి ఆడుకొను నాటకమున కింతకంటె పాతదియు గొప్పదియు నగు నుదాహరణము మా కవసరము లేదు.

ఇక మామూలు నాటకముల సంగతి. గ్రామమున నాటకమాడవలెనని నిశ్చయించినంతనే పదిమంది యువకులు, ఇద్దరు ముగ్గురు పెద్దలు చేరి హార్మోనియము వాయించు గురువును కుదుర్చుకొందురు. రెండు మూడు నెలలు రాత్రిపూట బడి వసారాలోనో, దేవాలయ మండపముననో పద్యములు వల్లించుట సాగును. పగలంతయు మడక పట్టిన చేయి రాత్రి శ్రీకృష్ణుని పిల్లనగ్రోవి పట్టును. ఎద్దుల నదలించు కంఠము మోహనరాగమున రాయబార పద్యము నెత్తుకొనును. మావారు ఉపాధ్యాయులగుటచే పద్యముల యర్థము చెప్పుమని మా యింటికి వచ్చు పాత్రధారులను నేను పలుమారు చూచియున్నాను. బడిలో ఐదవ తరగతి దాటనివాడు తిరుపతి వేంకట కవుల సమాసమునకు అన్వయమడుగుచు కూర్చుండుట నాకెప్పుడును ముచ్చటగొలుపు దృశ్యము. ఏ పాఠశాలయు చేయలేని పనిని పద్యనాటకము చేసినది. మన సీమలోని రైతుల నోట వ్యాకరణబద్ధమైన పద్యమింకను నిలిచియున్నదన్న, అది యీ హార్మోనియము గురువుల పుణ్యమే.

పాటతోను పద్యముతోను నాటకమాడు పద్ధతికి ముఖ్యమైన పుట్టినిండ్లలో మన బళ్లారి యొకటి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1886లో నచట సరసవినోదినీ సభను స్థాపించిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపి చారిత్రక నాటకములకు ప్రసిద్ధిదెచ్చిరి. ఆనాడు బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు జిల్లాలు దత్తమండలములని పిలువబడుచుండెను. 1928 నవంబరులో మా నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారి ప్రతిపాదనమున నాపేరు పోయి రాయలసీమ యను పేరు వచ్చెను. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున జేరినది. పటములో గీత మారినను, పద్యము పాడువాని నోట బళ్లారి బాణి మారలేదు.

ధర్మవరమువారి మేనల్లుడే తాడిపత్రిలో 1880లో జన్మించిన రాఘవ. వృత్తిచే న్యాయవాది, కీర్తిచే నటుడు. పాత్రకు దగిన భావము ముఖమున గనబడవలెను గాని, చచ్చుచున్నవాడు సైతము రాగాలాపన చేయుట తగదని ఆయన వాదము. అంతకంటె మనకు ముఖ్యమైనది, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆయన పట్టుబట్టుట. ఆ కాలమున స్థానము నరసింహారావుగారు సత్యభామగా వేదికనెక్కినచో స్త్రీలే ఆ నడకను ఆ వయ్యారమును నేర్చుకొనవలెనని యనిపించెడిదట. 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. అంతటి నటుడు వేదికపై వెలుగుచున్న దినములలోనే రాఘవ, అది యెంత గొప్ప కళయైనను స్త్రీ హృదయము స్త్రీకే తెలియునని చెప్పి, చదువుకొన్న కుటుంబముల స్త్రీలను రంగస్థలమునకు రప్పించెను. కొమ్మూరి పద్మావతీదేవిగారు గృహిణియై యుండి ఆయనతో గూడి నటించిరి. లోకము పలుకవలసిన మాటలన్నియు పలికినది. ఆమె వెనుకకు పోలేదు.

బళ్లారికి పోనక్కరలేదు, మా పొరుగు జిల్లా కడపలోనే యింతకంటె ముందు మరియొక యద్భుతము జరిగినది. మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాడించుకొని బ్రదుకుచుండిన కుటుంబములు కొన్ని సురభి యను పల్లెలో నిలిచెను. 1885లో ఆ యూర నొక పెండ్లివేడుకలో, బొమ్మలకు బదులు మనుష్యులే పాత్రలు ధరించి కీచకవధ నాటకమాడిరి. వనారస గోవిందరావుగారి నాయకత్వమున నది సురభి నాటక సమాజమైనది. ఆనాటి సమాజములన్నిటను మీసములు గొరిగించుకొన్న పురుషులే ద్రౌపదులు. సురభివారి పద్ధతి వేరు. అది కుటుంబము గనుక, తల్లి, కూతురు, కోడలు, మనుమరాలు అందరును వేదిక నెక్కిరి. వలసినప్పుడు పురుష పాత్రలను సైతము స్త్రీలే ధరించిరి. మాయాబజారులో గాలిలో నెగురుట, బాణమును బాణమెదుర్కొనుట, వానకురియుట మొదలగు వింతలను జూచి మనమాశ్చర్యపడుదుము గాని, వాటన్నిటికంటె పెద్దవింత ఆ తెరవెనుక జరుగుచుండెను. అచట నొకవైపు అన్నముడుకుచుండును; ఒకవైపు పసిబిడ్డ ఊయలలో నిదురించును; తల్లి బిడ్డకు పాలిచ్చి, కిరీటము పెట్టుకొని, వేదికమీదికి బోవును. సంసారమును నటనమును రెండును నిర్వహింపవచ్చునని వాదించుటకు మనకు గ్రంథములేల? సురభి చాలదా?

ఆ కుటుంబముననే పుట్టిన కమలాబాయి 1932లో విడుదలయైన భక్తప్రహ్లాద చిత్రమున లీలావతిగా నటించి, తెలుగు చలనచిత్రముల మొదటి నాయికయైనది. తల్లి దమయంతి వేషముతో నటించుచుండగా నొప్పులువచ్చి కమలాబాయి రంగస్థలముపైననే జన్మించినదని చెప్పుదురు. ఇది యిటులుండ, ఒకప్పుడు పదులకొలదిగానుండిన సురభి సమాజములు సినిమా వచ్చిన పిదప తరిగిపోయెను. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభివారి కాలనీ యున్నది. ఆ పరంపరను జీవితాంతము నిలబెట్టిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, అనగా సురభి బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ లభించినది. 2022లో ఆయన కన్నుమూసిరి. నూరేండ్లకుపైగా ఆ కుటుంబముల స్త్రీలు వేదికపై నిలిచియు, వంశగౌరవమును నిలుపుకొనియు చూపిరి.

ఇంత చరిత్రగల సీమలో మన మాటతీరు చూడుడు. మగవానిని గూర్చి "వాడు మంచి నాటకాలరాయుడు" అన్నచో సగము మెప్పు, సగము పరిహాసము. ఆడుదానిని గూర్చి "నాటకాలు ఆడుతోంది" అన్నచో నది పూర్తిగా తిట్టు. ఒక భాషలో నొక కళ పేరే స్త్రీకి దూషణమగుట విచారింపదగిన విషయము కాదా? నాకు తెలిసిన ఒక యింట తొమ్మిదవ తరగతి చదువు బాలిక యున్నది. ఆమె కంఠము వేణువు. పాఠశాల వార్షికోత్సవమున చంద్రమతి పాత్ర ధరింపుమని పంతులమ్మ యడిగినది. బాలిక పదిదినములలో పద్యములన్నియు నేర్చినది. పదునొకండవ దినమున నాయనమ్మ యొక్కటే మాటన్నది: "రేపు పెండ్లిచూపుల్లో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలమ్మా?" అంతటితో నాటకము ముగిసినది. ఆ పాత్రను మరియొక బాలుడు ధరించెను. వాడు సగము పద్యములు మరచెను. ప్రేక్షకులు నవ్విరి. బాలిక నవ్వలేదు.

నాయనమ్మను నేను నిందింపను. ఆమె భయము ఎక్కడినుండి వచ్చినదో నాకు తెలియును. మన గ్రామములలో పురుష పాత్రలను ఊరివారే ధరింతురు. స్త్రీ పాత్రలకు మాత్రము పట్టణములనుండి నటీమణులను కూలికి రప్పింతురు. చంద్రమతియైనను, ద్రౌపదియైనను, సీతయైనను, ఊరికి కొత్తమనిషియే. ఒకరాత్రి వచ్చి, ఆడి, పాడి, తెల్లవారకముందే పోవలసిన మనిషి. ఊరివాడు పద్యము మరచినను ఆమె యందించును. ఊరివాడు తాళము తప్పినను ఆమె సరిదిద్దును. సాధనకు రాదు, ఒత్తిగిలుటకు చోటుండదు, అయినను నాటకము నిలుచునది చాలవరకు ఆమెవలననే.

మూడేండ్ల క్రిందట మేమున్న యొక గ్రామమున సత్యహరిశ్చంద్ర ప్రదర్శించిరి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి ఆ నాటకము నా చిన్ననాటనుండి నాకు కంఠస్థము. కాటిసీనులో జాషువాగారి శ్మశాన పద్యములు చేర్చి పాడు సంప్రదాయముగదా. ఆ రాత్రియు పాడిరి. చంద్రమతి మృతశిశువును ఒడినిడుకొని యేడ్చునప్పుడు స్త్రీలలో కొంగు కంటికద్దుకొననివారు లేరు. భర్తచే నంగడిలో నమ్మబడిన యిల్లాలినిచూచి ఊరంతయు జాలిపడినది. తెల్లవారి యైదు గంటలకు నేను కల్లాపి చల్లుటకు తలుపు తీయగా, ఆ చంద్రమతియే మా యరుగుమీద సంచి ఒడిలో పెట్టుకొని కూర్చుండియున్నది. ముఖమున సగము రంగు కడుగక మిగిలియున్నది.

"అమ్మా, ఏడు గంటల బస్సు దాకా ఇక్కడ కూచుంటాను. ఏమనుకోవద్దు" అన్నది.

లోపలికి రమ్మంటిని. స్నానమునకు నీళ్లు పెట్టితిని. కాఫీ త్రాగుచు మాటలలో తెలిసినది: ఒప్పుకొన్న సొమ్ములో మూడవవంతు ఇంకను రావలెను, ఇచ్చువాడు నిదురబోయెను. వేషము మార్చుకొనుటకు గది యడిగినచో, మూడువైపుల గోనెపట్టాలు కట్టి నాలుగవవైపు వదలిరి. నాటకము నడుమ నొక పెద్దమనిషి వేదికమీదికి వచ్చి ఆమె చీరకు నోటు గుచ్చబోగా, ఆమె చేయి చాచి పుచ్చుకొని నమస్కరించి తప్పించుకొన్నది. "మీకు పిల్లలా?" అని యడిగితిని. "ఒక్క పాప. పదో తరగతి. అమ్మ ఏం చేస్తుందంటే టైలరు అని చెప్తుంది. నేనే అట్ల చెప్పమన్నా" అన్నది. ఆ మాట చెప్పునప్పుడు ఆమె కంట నీరులేదు. రాత్రియంతయు మాకొరకు నేడ్చి యేడ్చి ఇంకిపోయెనేమో!

సోదరీమణులారా! హరిశ్చంద్రుడు చంద్రమతిని అమ్మినందులకు మనము కన్నీరుపెట్టితిమి. ఆ చంద్రమతికి కూలి యెగవేసినప్పుడు మనమేమి పెట్టితిమి? ఈ సిగ్గు ఆమెదా, మనదా? నాయనమ్మ భయపడినది కళను జూచికాదు. కళాకారిణికి మన యూరిలో జరుగు మర్యాదను జూచి. ఆ మర్యాద మారిననాడు ఆ భయమును మారును. కావున బాలికలను నాటకములకు పంపవలెనా వద్దా యను తర్కమునకు ముందు, వచ్చిన స్త్రీని ఎట్లు చూచుకొనుచున్నామను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను.

ఇక నే నాటకములాడుదురను విషయమున మనకు మాటయుండవద్దా? చందా మన యిండ్లనుండియే పోవుచున్నది గదా! తిరునాళ్లలో కొన్నిచోట్ల పద్యనాటకమునకు బదులుగానో, దాని నడుమనో రికార్డింగు డాన్సులు పెట్టుచున్నారు. అవి ప్రారంభమైనంతనే ఆడువారు చాపలు చుట్టుకొని లేచిపోవుదురు. మనము లేచిపోవుటయే తప్ప, అటువంటివానికి మా చందా లేదని చెప్పుట యెరుగము. మంచి నాటకము సైతము చెడ్డ ప్రయోగమున నెట్లు చెడిపోవునో చింతామణి చరిత్ర తెలుపుచున్నది. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకై దానిని రచించిరి. కాలక్రమమున ప్రదర్శకులు సుబ్బిశెట్టి పాత్రకు మోటుహాస్యమును చేర్చిచేర్చి ఒక కులమువారి మనసు నొప్పించిరి. తుదకు 2022 జనవరిలో ప్రభుత్వము దాని ప్రదర్శనమును నిషేధించెను. కవి వ్రాసినది వేరు, ఊరు చూచినది వేరు.

ఆ కవిదే వరవిక్రయమను నాటకము గలదు. దానిని మన తిరునాళ్లలో చూచుట యరుదు. కట్నమునకు తండ్రి ఆస్తినమ్ముట చూడలేక కాళింది బావిలోబడి ప్రాణము విడుచును. చెల్లెలు కమల ఆ మార్గమును త్రొక్కదు. అదే వరుని పెండ్లాడి, సొమ్మిచ్చి కొన్న వస్తువు కొన్నవారి యింటనే యుండవలెనుగదా యని నిలదీసి, ధనాశాపరుడైన మామగారికి బుద్ధిచెప్పును. 1939లో నది చలనచిత్రమైనప్పుడు కాళింది పాత్రతో భానుమతిగారు వెండితెరకు పరిచయమైరి. నాటకము వ్రాసి నూరేండ్లు కావచ్చినది. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. అయినను, ఏ యింటి యాడపిల్ల తండ్రిని పిలిచి యడిగినను లింగరాజు పాత్రను చూడకయే వర్ణింపగలడు! 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కమున ఆడుపిల్లను అమ్ముకొనుట. వరవిక్రయమున మగపిల్లవానిని అమ్ముకొనుట. ఈ రెండును వరుసగా రెండురాత్రులు ప్రదర్శించినచో, బేరమెటు తిరిగినను ఏడ్చునది ఆడుదియేయని చిన్నపిల్లలకు సైతము బోధపడును.

పౌరాణికములు వలదని నా యభిప్రాయము కాదు. రాయబారము పద్యములు వినని యేడాది నాకు యేడాదివలె తోచదు. అయితే కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్న యున్నది. తన్నుతా నోడినవాడు నన్నొడ్డుటకు అర్హుడా యని ఆమె యడుగగా భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. అట్టి ఘట్టమును సంక్షేపించి, యుద్ధపు సవాళ్లను గంటలతరబడి సాగదీయుట యేల? పద్యనాటకములలోనే స్త్రీ మాటకు విలువగల ఘట్టములు వలసినన్ని గలవు. కోరువారు లేక అవి మూలబడియున్నవి.

కావున రాబోవు నాటకముల కాలమునకు ముందు, ప్రతి గ్రామమునను నలుగురు స్త్రీలు కలసి నిర్వాహకులను కొన్ని విషయములు కోరవలెనని నా మనవి. చందా ఇచ్చునప్పుడే కోరవలెను. నాటకమైన పిమ్మట గొణుగుకొనుట వ్యర్థము. మొదటిది, వచ్చు నటీమణికి నాలుగువైపుల మరుగుగల గది, అందులో నీరు, దీపము ఉండవలెను. బడిగదియైనను చాలును. ఊరిలో నొక యింట ఆమెకు భోజనము, తెల్లవారువరకు పడక ఏర్పరుపవలెను. ఒప్పుకొన్న సొమ్ము తెరలేవకముందే చేతికీయవలెను. వేదికమీదికి నోట్లుపట్టుకొని యెక్కు దాతలను క్రిందనే నిలిపి, ఆ కానుకను కార్యకర్తచేతికిప్పించి, పేరు చదివించిన చాలును. రెండవది, నాటకము రాత్రి పదునొకండు గంటలకు గాక ఎనిమిది గంటలకు మొదలు కావలెను. అర్ధరాత్రి దాటినచో పాలకు పోవలసినదియు, బడికి పిల్లలను సిద్ధపరుపవలసినదియు చూడలేదు. స్త్రీలకు వేదికకు దగ్గరగా నొకవైపు చోటును, చేరువనే మరుగుదొడ్డియు, ఇంటికి పోవు త్రోవలో దీపములును కావలెను. మూడవది, ప్రదర్శించు నాటకములలో నొక్కటియైనను స్త్రీల కోరికమేరకు ఎన్నుకొనవలెను.

నాలుగవది మనము నిర్వాహకులను కోరునది కాదు, మనము చేయవలసినది. మధ్యాహ్నము పనులు తీరినపిమ్మట టీవీముందు కూర్చుండు రెండుగంటలలో వారమునకొక్కమారు నలుగురు చేరి ఒక నాటకమును పాత్రలు పంచుకొని చదువుడు. వేషములక్కరలేదు, హార్మోనియమక్కరలేదు. ఒకతె కాళింది, ఒకతె భ్రమరాంబ, ఒకతె లింగరాజు! మా వీథిలో నట్లు మొదలు పెట్టితిమి. లింగరాజు పాత్రకు అత్తగార్లలో పోటీ యేర్పడినదన్న మీరు నవ్వుదురు గాని, అది నిజము. చదువురాని యొక వృద్ధురాలు విని విని ఒక రంగమంతయు అప్పగించుచున్నది. ఆమెయే పైనచెప్పిన నాయనమ్మ. మనుమరాలు ఇప్పుడు ఆమెకు పద్యములు నేర్పుచున్నది. ఉగాది పిమ్మట మా వీథి దేవళపు మండపమున, ఆడువారి యెదుట, పగటిపూట ఒక రంగము ఆడవలెనని సంకల్పము. ఆ బాలికను కమల పాత్రకు పంపుటకు నాయనమ్మ ఇంకను ఔననలేదు, కాదనుటయు మానినది.

ఆడుపిల్లలు రంగస్థలమునెక్కినచో విఘ్నములు వచ్చునను పెద్దలకు నాట్యశాస్త్రమునే మరల చూపుదును. ఇంద్రధ్వజోత్సవమున జరిగిన మొట్టమొదటి ప్రదర్శనమునకే విఘ్నములు వచ్చెను. అసురులు కోపించి నటుల మాటను, చేష్టను, జ్ఞాపకమును స్తంభింపజేసిరి. అప్పుడు బ్రహ్మ నాటకము మానుకొనుడని చెప్పలేదు. అప్సరసలను ఇండ్లకు పొమ్మనలేదు. విశ్వకర్మను పిలిచి చక్కని నాట్యగృహము నిర్మింపజేసెను. ద్వారమునకొక దేవతను, స్తంభమునకొక దేవతను కాపుంచెను. నాయకుని రక్షణమును ఇంద్రునకొప్పగించెను. నాయిక రక్షణమునకు నిలిచినది సాక్షాత్తు సరస్వతి.

సరస్వతి కాపున్న చోట మన ఆడుపిల్ల నిలుచుటకు భయమేల? ఆ కాపును మన గ్రామములలో నిలుపుట ఇండ్లలోని స్త్రీల చేతిలోనే యున్నది. ఈ సంక్రాంతికి చందా పుస్తకముతో వచ్చువారిని అరుగుమీదనే నిలిపి, రూపాయలతోపాటు ఈ నాలుగు మాటలును చెప్పి పంపుదురని నమ్ముచున్నాను.